బోర్డు మీద మాంటిస్సోరి, గదిలో బెత్తం

వేసవి సెలవులు ముగింపుకు వస్తున్నాయంటే మన బస్తీలలో, మొహల్లాలలో గోడలూ కరెంటు స్తంభాలూ బడుల ప్రకటనలతో నిండిపోతాయి. రెండు అద్దె గదులలో నడిచే బడి మొదలుకొని మూడంతస్తుల భవనం వరకు ఎన్నో బోర్డుల మీద 'మాంటిస్సోరి' అన్న మాట కనిపిస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే వేరే దృశ్యం ఎదురవుతుంది. మూడేళ్ల పసివాడు బెంచీ మీద కదలకుండా కూర్చొని ఉంటాడు. ఇంకా మెత్తబడని వేళ్ల మధ్య పెన్సిల్, ఎదుట నాలుగు గీతల కాపీ పుస్తకం. అక్షరం గీత దాటితే టీచరు చేతిలోని స్కేలు లేస్తుంది. సాయంత్రం ఇంటికి రెండు పేజీల హోంవర్కు వస్తుంది. ఆటో నడిపే అబ్బా, ఇంట్లో కుట్టుపని చేసే అమ్మీ తమ తిండిలో కోత పెట్టుకొని కట్టిన ఫీజుకు ప్రతిఫలం ఇది.

ఈ సంచికలో మేము ఈ విషయాన్ని ప్రస్తావించడానికి కారణం ఉంది. ముస్లింల విద్య గురించి మన సభలలో జరిగే చర్చ అంతా రిజర్వేషన్లు, ఉపకార వేతనాలు, గురుకులాలు, ఉన్నత విద్యలో మన వాటా చుట్టూ తిరుగుతుంది. అవన్నీ అవసరమే. అయితే మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఏ గదిలో, ఎవరి చేతుల్లో, ఏ విధంగా చదువు మొదలుపెడుతున్నారన్న ప్రశ్న మన తీర్మానాలలో అరుదుగా కనిపిస్తుంది. పునాది దగ్గర కుంగిన గోడకు పైఅంతస్తులో ఎంత సున్నం వేసినా ప్రయోజనం ఉండదు.

పేదల వాడలో పుట్టిన పద్ధతి

మాంటిస్సోరి విద్య అనగానే సంపన్నుల పిల్లల బడి అన్న భావన మన మనసులలో స్థిరపడింది. చరిత్ర ఇందుకు విరుద్ధంగా ఉంది. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందిన డాక్టర్ మరియా మాంటిస్సోరి తన తొలి 'బాలల గృహాన్ని' 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే కార్మికుల వాడలో ప్రారంభించారు. తల్లిదండ్రులు పనులకు వెళ్లిపోతే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ, గోడలు పాడుచేస్తూ ఉండేవారు. ఆ పాత ఇళ్లను బాగుచేయించిన సంస్థ, ఈ పిల్లలను ఒకచోట కూర్చోబెట్టే ఏర్పాటు కోసం ఆమెను ఆశ్రయించింది. అక్కడ చేరినవారు యాభై మందికి పైగా ఉన్న కూలీల బిడ్డలు. వారిలో చాలామంది తల్లిదండ్రులకు చదువు రాదు.

ఆమె ఆ పిల్లలకు ఉపన్యాసం చెప్పలేదు. వైద్యురాలు రోగిని పరిశీలించినట్లు పిల్లలను గమనించారు. వారి ఎత్తుకు తగిన చిన్న బల్లలు, చేతికందే అరలు, చేతితో పట్టుకొని పనిచేయదగిన వస్తువులు సమకూర్చారు. పిల్లవాడు తనకు కావలసిన వస్తువును తానే ఎంచుకొని, తృప్తి కలిగేదాకా దానితో పనిచేసి, తిరిగి దాని చోట పెట్టాలన్నదే అక్కడి నియమం. కొద్ది నెలలలోనే నాలుగేళ్ల, అయిదేళ్ల పిల్లలు రాయడం, చదవడం మొదలుపెట్టారు. ప్రపంచం శాన్ లొరెంజో వైపు తిరిగి చూడడానికి కారణం ఈ పేద పిల్లలే.

ఆ పద్ధతిలో రహస్యమేమీ లేదు. గరుకు కాగితంతో కత్తిరించి అట్టకు అతికించిన అక్షరాన్ని పిల్లవాడు రెండు వేళ్లతో తడుముతూ దాని ధ్వనిని పలుకుతాడు. కన్ను, చెయ్యి, చెవి మూడూ ఒకేసారి ఆ అక్షరాన్ని గ్రహిస్తాయి. పెన్సిల్ పట్టే నేర్పు వేరే పనుల ద్వారా చేతికి అలవడుతుంది. అక్షరం తెలిసిన చెయ్యి, పెన్సిల్ పట్టడం వచ్చిన చెయ్యి కలిసిన రోజున రాత దానంతట అదే వస్తుంది. చెక్క దిమ్మెలో పది గుంటలు, వాటిలో ఇమిడే పది స్తూపాలు ఉంటాయి. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరిది మిగిలిపోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లవాడికి ఆ వస్తువే చెబుతుంది. ఎర్ర సిరా, తిట్టు అవసరం ఉండదు. విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల పలక, వెయ్యి పూసల ఘనం. అయిదేళ్ల పాప వెయ్యి అనే సంఖ్యను చేతిలోకి ఎత్తుకొని దాని బరువు తెలుసుకుంటుంది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు. పెద్దవారిని చూసి చిన్నవారు నేర్చుకుంటారు, చిన్నవారికి చూపిస్తూ పెద్దవారు తమకు తెలిసినది గట్టిపరచుకుంటారు. కూడు, గూడు పంచుకొని పెరిగే ఉమ్మడి కుటుంబాల పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు.

ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వంతో పొసగక 1934 నాటికి ఆమె స్వదేశాన్ని వదలవలసి వచ్చింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసుకు వచ్చి అడయారులో దాదాపు 300 మందికి శిక్షణ ఇచ్చారు. మరుసటి సంవత్సరం ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను శత్రుదేశస్థురాలిగా పరిగణించి ఆంక్షలు విధించింది. ఆమె కుమారుడు మారియోను నిర్బంధించి, 1940 ఆగస్టులో విడుదల చేసింది. యుద్ధకాలమంతా ఆమె మన దక్షిణాదిలోనే, అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ పనిచేశారు. ఆమె ప్రసిద్ధ గ్రంథం 'ది అబ్సార్బెంట్ మైండ్' 1949లో వెలువడింది కూడా మద్రాసు నుంచే. అంటే ఈ పద్ధతి మనకు సముద్రాల అవతలి వింత కాదు. దాని ఎదుగుదలలో కొంత భాగం మన పొరుగు ఊళ్లలోనే జరిగింది.

జామియా వేసిన బాట

అదే కాలంలో మన సముదాయానికి చెందిన విద్యావేత్తలు ఏమి చేస్తున్నారో కూడా మన యువతరం తెలుసుకోవాలి. 1920లో అలీగఢ్‌లో పుట్టి, 1925లో ఢిల్లీకి తరలిన జామియా మిల్లియా ఇస్లామియాను 1926 నుంచి రెండు దశాబ్దాలకు పైగా నడిపినవారు డాక్టర్ జాకిర్ హుసేన్. ఆయన 1897లో మన హైదరాబాద్‌లో జన్మించారు. తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి అయ్యారని అందరికీ తెలుసు. బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఆ మనిషి చిన్నపిల్లల బడి మీద ఎంత శ్రద్ధ పెట్టారో, పిల్లల కోసం స్వయంగా ఉర్దూలో కథలు రాశారో తెలిసినవారు తక్కువ.

జామియా ప్రాథమిక పాఠశాలలో పాఠాన్ని పనితో ముడిపెట్టే ప్రాజెక్టు పద్ధతిని అమలు చేశారు. అబ్దుల్ గఫ్ఫార్ మధోలీ వంటి ఉపాధ్యాయులు తమ జీవితాన్ని దానికి అంకితం చేశారు. పిల్లలే దుకాణం, బ్యాంకు నడుపుతూ లెక్కలు నేర్చుకున్నారు. 1930వ దశకం మొదట్లో జర్మనీ నుంచి వచ్చిన గెర్డా ఫిలిప్స్‌బార్న్ అనే యూదు మహిళ జామియా పసిపిల్లల విభాగంలో చేరి, వారికి 'ఆపా జాన్' అయ్యారు. 1943లో మరణించిన ఆమె సమాధి జామియా ఖబ్రస్తాన్‌లోనే ఉంది. ఒక ముస్లిం విద్యాసంస్థ పసిపిల్లలకు ఒక యూదు మహిళ 'ఆపా' కాగలిగిన ఆ చరిత్రను ద్వేషం రాజ్యమేలుతున్న నేటి రోజులలో మన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది.

1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా నూతన ప్రాంగణానికి శంకుస్థాపన జరిగింది. దేశంలో ఎందరో మహానాయకులు ఉండగా, ఆ పునాదిరాయి వేయించినది బడిలోని అతి చిన్న విద్యార్థి చేత. విద్యాసంస్థ ఎవరి కోసం ఉందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన మాట అవసరం లేదు. 1937లో వార్ధా విద్యా మహాసభ తరువాత పని ద్వారా చదువు నేర్పే ప్రణాళికను రూపొందించే కమిటీకి అధ్యక్షుడిగా గాంధీజీ జాకిర్ హుసేన్‌నే ఎంచుకున్నారు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో న్యాయవాద వృత్తి వదిలి 1920లో బాలమందిరం స్థాపించిన గిజుభాయి బధేకా కూడా ఈ దారిలోనివారే. మాంటిస్సోరి ఆలోచనను ఆయన ఖరీదైన పరికరాల నుంచి విడదీసి, కథలతో, ఆటలతో, మట్టితో మన దేశపు బడికి తగినట్లు మలిచారు. ఆయన 'దివాస్వప్న' తెలుగు ఉపాధ్యాయులకు 'పగటి కల'గా పరిచయమే.

ఇంతటి వారసత్వం ఉన్న సముదాయం నేడు పేరును మాత్రమే కొనుక్కొని, సారాన్ని వదిలివేస్తున్నదని మా బాధ. 'మాంటిస్సోరి' అన్న పేరుపై ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. ఏ బడి అయినా బోర్డు మీద రాసుకోవచ్చు. కాబట్టి పేరును నమ్మకుండా గదిని చూడడం తల్లిదండ్రుల బాధ్యత అవుతుంది.

నాలుగు భాషల బరువు

మన పిల్లల విషయంలో ఈ బాధ్యత మరింత పెద్దది. హైదరాబాద్, కర్నూలు, కడప వంటి ఊళ్లలో ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పసివాడికి నాలుగేళ్లు నిండేసరికి బడిలో ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు అక్షరాలు, ఉర్దూ ఉన్నచోట ఉర్దూ అక్షరాలు, సాయంత్రం మక్తబ్‌లో అరబ్బీ ఖాయిదా ఎదురవుతాయి. భాషలు నాలుగు, లిపులు మూడు. రెండు లిపులు కుడి నుంచి ఎడమకు, తక్కినవి ఎడమ నుంచి కుడికి అని కూడా అనడానికి వీలు లేదు. ఉర్దూ, అరబ్బీలది ఒకే లిపి కుటుంబమైనా రాసే తీరు వేరు. 'బే' అనే అక్షరం పదం మొదట ఒక రూపంలో, మధ్యలో ఒక రూపంలో, చివర మరో రూపంలో ఉంటుంది. తెలుగులో గుణింతాలు, వత్తులు ఉంటాయి. ఇంగ్లీషులో ఒకే అక్షరం ఒక్కొక్క మాటలో ఒక్కొక్క రకంగా పలుకుతుంది. ఇవన్నీ ఒకే ఏడాదిలో కాపీ పుస్తకం ద్వారా, బెదిరింపు ద్వారా నేర్పబూనితే పసివాడు దేనినీ తనదిగా చేసుకోలేడు. మరోవైపు నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలలో ఇంటి భాష తెలుగే. కాబట్టి ముస్లిం పిల్లలందరికీ ఒకే సూత్రం వర్తించదు. ప్రతి పిల్లవాడి ఇంటి భాష ఏదో తెలుసుకొని అక్కడి నుంచి మొదలుపెట్టడమే పిల్లవాడిని కేంద్రంగా చేసుకొన్న విద్యకు తొలి మెట్టు.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు, రాజ్యాంగం మాట. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించే ప్రయత్నం చేయాలని 1956లో చేర్చిన 350-ఎ అధికరణం రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా గుర్తించాయి. కార్యాలయం బోర్డు మీద ఉర్దూ రాయడం కన్నా ఒకటో తరగతి గదిలో ఉర్దూ తెలిసిన ఉపాధ్యాయురాలు ఉండడం ముఖ్యమని ఆ ప్రభుత్వాలకు గుర్తుచేయవలసి ఉంది.

చట్టం ఏమంటున్నది?

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులోని 29వ సెక్షన్ చదివినవారికి మాంటిస్సోరి, గిజుభాయి, జాకిర్ హుసేన్ ముగ్గురూ గుర్తుకు వస్తారు. కృత్యాలు, అన్వేషణ ద్వారా, పిల్లవాడిని కేంద్రంగా చేసుకొని బోధన సాగాలని, పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడాలని, వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలని ఆ సెక్షన్ అంటున్నది. 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజును, ప్రవేశ సమయంలో పిల్లలనూ తల్లిదండ్రులనూ పరీక్షించడాన్ని నిషేధించింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా పరిగణించింది. దానికి అనుగుణంగా 2022లో వచ్చిన పాఠ్యప్రణాళికా చట్రం ఆట ద్వారా అభ్యసనాన్నే ప్రధానంగా చెప్పింది.

ఇక్కడే మన సముదాయం నిజాయితీగా ఆలోచించవలసిన సంగతి ఒకటి ఉంది. 2012లో చేసిన సవరణ ప్రకారం మదరసాలు, వేద పాఠశాలలు, ప్రధానంగా మతబోధన చేసే సంస్థలు విద్యాహక్కు చట్టం పరిధిలోకి రావు. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 30వ అధికరణం కింద నడిచే మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విషయాన్ని విస్తృత ధర్మాసనం ముందు ఉంచాలని కోరింది. 30వ అధికరణాన్ని కాపాడుకోవడం మన ప్రాథమిక కర్తవ్యం. ఆ విషయంలో ఈ పత్రిక వైఖరిలో మార్పు లేదు.

అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. ప్రభుత్వం జోక్యం నుంచి మన సంస్థకు లభించిన రక్షణ, ఆ సంస్థలోని పిల్లవాడికి ఏ విధంగా ఉపయోగపడుతున్నది? 17వ సెక్షన్ తమకు వర్తించదు కాబట్టి బెత్తం పట్టవచ్చునని ఏ యాజమాన్యమైనా భావిస్తే, అది మైనారిటీ హక్కును అవమానించడమే. పిల్లలపై క్రూరత్వాన్ని శిక్షించే 2015 నాటి బాలల న్యాయ చట్టం మైనారిటీ సంస్థకు ఎలాంటి మినహాయింపూ ఇవ్వలేదు. మన సంస్కృతిని, భాషను, విలువలను మనకు నచ్చిన రీతిలో పిల్లలకు అందించుకోవడానికి 30వ అధికరణం మనకు స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛతో చట్టం కోరినదానికన్నా మెరుగైన బడి నడపగలిగినప్పుడే, రేపు ఏ ధర్మాసనం ముందైనా మనం తలెత్తుకొని నిలబడగలం. జామియా చూపిన దారి ఇదే. చట్టం లేని రోజులలో, డబ్బు లేని రోజులలో వారు ఆ పని చేశారు.

'ఆడుకుంటే చదువెప్పుడు వస్తుంది?'

తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఈ ప్రశ్నను తేలికగా తీసివేయడం న్యాయం కాదు. ఇంట్లో ట్యూషన్ చెప్పేవారు లేని, పుస్తకాల అల్మారా లేని కుటుంబానికి పిల్లవాడు వెనుకబడతాడన్న భయం సహజం. కాపీ పుస్తకం నిండితే కట్టిన ఫీజుకు లెక్క కంటికి కనిపిస్తుంది. కానీ ఆ లెక్క ఎంత నిజమో ఫలితాలను బట్టి చూడాలి. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో మూడో తరగతి పిల్లలలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం మాత్రమే. ఎక్కాలు, అక్షరాలు మూకుమ్మడిగా వల్లె వేయించే అలవాటు మన బడులలో తరతరాలుగా ఉన్నదే. అయినా ఫలితం ఇది.

పిల్లలను కేంద్రంగా చేసుకొన్న బడి అంటే పిల్లలను గాలికి వదిలివేసే బడి అని అపోహ ఉంది. అక్కడ క్రమం ఎక్కువ. ఏ వస్తువు తరువాత ఏది ఇవ్వాలో, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో ఉపాధ్యాయురాలు ప్రతిరోజూ రాసుకోవాలి. 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనాన్ని ఉదాహరణగా చెబుతాము. అమెరికాలోని మిల్వాకీ నగరంలో ప్రభుత్వ మాంటిస్సోరి బడిలో సీట్లకు లాటరీ తీశారు. లాటరీలో సీటు వచ్చిన పిల్లలను, రాక వేరే బడులకు వెళ్లినవారిని పోల్చి చూశారు. అయిదేళ్ల వయసులో మాంటిస్సోరి పిల్లలు అక్షరాలు, పదాలు గుర్తించడంలోనూ లెక్కలలోనూ ముందున్నారు. తగవులు వచ్చినప్పుడు న్యాయం గురించి మాట్లాడి పరిష్కరించుకోవడంలోనూ ముందున్నారు. 2025లో అక్కడి 24 ప్రభుత్వ మాంటిస్సోరి బడులకు చెందిన లాటరీలలో పాల్గొన్న 588 మంది పిల్లలపై జరిగిన మరో అధ్యయనంలోనూ చదవడం, జ్ఞాపకశక్తి వంటి అంశాలలో వారు మెరుగని తేలింది. అయితే ఇవి పద్ధతిని పూర్తిగా పాటించిన బడుల ఫలితాలు. బోర్డు మీద పేరు రాసినంత మాత్రాన ఇవి రావు.

అమెరికా మాట మనకెందుకని అడిగేవారికి మన చిత్తూరు సీమలోనే సమాధానం ఉంది. మదనపల్లె సమీపాన రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల బడులలో ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలకూ బోధించే పద్ధతిని రూపొందించింది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్లలా అమర్చారు. పిల్లవాడు తాను ఎక్కిన మెట్టు నుంచి తరువాతి మెట్టుకు తన వేగంతో వెళతాడు. జ్వరం వచ్చి వారం రోజులు బడి మానినా, తిరిగి వచ్చి తాను ఆగిన చోటి నుంచే మొదలుపెడతాడు. ఈ ప్రయోగాన్ని చూసి 2003లో చెన్నై కార్పొరేషన్ పదమూడు బడులలో కృత్యాధార బోధనను ప్రారంభించింది. కొద్ది సంవత్సరాలలో అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. ఒకరిద్దరు ఉపాధ్యాయులతో నెట్టుకొస్తున్న మన ఉర్దూ మాధ్యమ ప్రాథమిక పాఠశాలలకు ఇంతకన్నా తగిన నమూనా మరొకటి మాకు కనబడలేదు. ఆ కార్డులను ఉర్దూలో తయారు చేసుకోవడానికి మనకు అడ్డేమిటి?

ఖర్చు విషయానికి వస్తే, విదేశీ పరికరాలకు లక్షలు పోయవలసిన పని లేదు. గరుకు కాగితం హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. చింతగింజలు, పదేసి కట్టిన వెదురు పుల్లలు, పాత పెళ్లిపత్రికల అట్టలు చాలు. పసివాడి చేతులకు పని నేర్పే వస్తువులు మన ఇంట్లోనే ఉన్నాయి. దస్తర్‌ఖాన్ పరచడం, జానమాజ్ అంచులు కలిపి మడవడం, చెంబుతో నీళ్లు ఒలకకుండా పోయడం, పప్పులోంచి రాళ్లు ఏరడం, తన చొక్కా గుండీలు తానే పెట్టుకోవడం. ఇవన్నీ మాంటిస్సోరి బడిలో పాఠాలే. తొందరలో ఉన్న పెద్దలు 'ఇటివ్వు, నేను చేస్తాను' అని లాగేసుకున్న ప్రతిసారీ ఆ పాఠం అక్కడ ఆగిపోతుంది.

నిజంగా ఖర్చు పెట్టవలసినది ఉపాధ్యాయురాలి మీద. మన బస్తీ బడులలో పసిపిల్లలకు చెప్పేవారు ఎక్కువగా ఇంటర్ చదివిన మన ఇంటి ఆడపిల్లలే. జీతం తక్కువ, శిక్షణ లేదు, గదిలో పిల్లలు మాత్రం కిక్కిరిసి ఉంటారు. ఆమె చేతిలోని స్కేలును తప్పుపట్టే ముందు, ఆ స్కేలు తప్ప వేరే ఉపాయం ఆమెకు ఎవరు నేర్పారని ప్రశ్నించుకోవాలి. ఆ గదికి రంగులు వేయించిన యాజమాన్యం ఆమెను ఒక్క నెల శిక్షణకు పంపలేకపోయిందా?

చేయవలసిన పనులు

మేము కోరుతున్నవి సాధ్యమైన పనులే. తల్లిదండ్రులు బడిలో చేర్చే ముందు అరగంట తరగతి గదిలో కూర్చుంటామని అడగాలి. వస్తువులు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? పిల్లవాడు లేచి నడవవచ్చునా? తప్పు చేసినప్పుడు టీచరు ఏమంటున్నది? ఇంటి భాషలో మాట్లాడితే ఊరుకుంటారా, జరిమానా వేస్తారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పనివారు బోర్డు మీద ఏమి రాసుకున్నా అది మాంటిస్సోరి బడి కాదు. మూడేళ్ల పిల్లవాడి కాపీ పుస్తకం ఖాళీగా ఉందని టీచరుతో తగాదా పెట్టుకోకుండా, ఈ రోజు ఏమి చేశావని పిల్లవాడినే అడగాలి.

మన ట్రస్టులు, అంజుమన్‌లు, విద్యాసంస్థల యాజమాన్యాలు దండన నిషేధాన్ని తమ నియమావళిలో తామే రాసుకొని గోడ మీద పెట్టాలి. చట్టం ఆదేశించకపోయినా తల్లిదండ్రులతో, అందులో సగం మంది తల్లులతో, కమిటీలు ఏర్పరచాలి. విద్యాహక్కు చట్టం ప్రభుత్వ పాఠశాలల కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులకు, సగం మహిళలకు కేటాయించింది. మనం అంతకన్నా వెనుక ఉండడానికి కారణం లేదు. మక్తబ్‌లు నడిపే పెద్దలకు మా విన్నపం: కంఠస్థానికి మన సంప్రదాయంలో గౌరవనీయమైన స్థానం ఉంది. ఆ గౌరవం నిలవాలంటే పసివాడి మొదటి జ్ఞాపకం భయం కాకూడదు.

ప్రభుత్వాలను అడగవలసినవి ఉన్నాయి. 1975లో ప్రారంభమైన ఐసీడీఎస్ కింద నడిచే అంగన్‌వాడీ మన పేద కుటుంబాలకు అందుబాటులో ఉన్న ఉచిత పూర్వ ప్రాథమిక విద్యాకేంద్రం. మన బస్తీలలో ఎన్ని అంగన్‌వాడీలు ఉన్నాయి, వాటిలో ఉర్దూ తెలిసిన టీచర్లు ఎందరు, ఆట వస్తువులు చేరాయా అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడిగి తెలుసుకోవడం మన కార్యకర్తలు చేయదగిన పని. పది రూపాయల రుసుము, ఒక తెల్లకాగితం చాలు. దరఖాస్తును బల్ల మీద పెట్టినంత మాత్రాన ఫైలు కదలదని, రసీదు తీసుకొని గడువు లెక్కపెట్టుకోవాలని ప్రభుత్వ కార్యాలయంలో జీవితం గడిపినవారిగా మేము చెప్పగలము. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. అవి మన పిల్లలకు పెద్ద అండ. కానీ అవి అయిదో తరగతితో మొదలవుతాయి. అయిదో తరగతికి చేరేలోపే చదువుపై విరక్తి పుట్టిన పిల్లవాడిని ఏ గురుకులమూ పూర్తిగా తిరిగి నిలబెట్టలేదు.

ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లలలో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడలేదు లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ నివేదించింది. ఆ నివేదికను మనం వందలసార్లు ఉటంకించాము. పేదరికం, వివక్ష, బడి దూరం వంటి కారణాలపై పోరాడాము, ఇకముందూ పోరాడతాము. అయితే బడి మానేసిన పిల్లవాడిని ఎందుకు మానేశావని అడిగితే, కొన్నిసార్లు వచ్చే జవాబు చాలా చిన్నది: 'సార్ కొడతాడు', 'నాకేమీ అర్థం కాదు'. ఈ జవాబును మార్చడానికి పార్లమెంటు తీర్మానం కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు. ఆ బడి మన మొహల్లాలోనే ఉంది, దాని కమిటీలో మనవారే ఉన్నారు.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా ప్రతి ఊరిలోని మన కార్యకర్తలు తమ ప్రాంతంలోని ఒక్క అంగన్‌వాడీని, ఒక్క ఉర్దూ ప్రాథమిక పాఠశాలను, మన యాజమాన్యంలోని ఒక్క బడిని చూసి రావాలని మేము కోరుతున్నాము. చూసినది చూసినట్లు రాసి మాకు పంపండి. మంచి గది కనిపిస్తే ఆ టీచరు ఏమి చేస్తున్నదో వివరంగా రాయండి. దానిని మేము ఇతర ఊళ్లకు చేరవేస్తాము. బెత్తం కనిపిస్తే ముందు యాజమాన్యంతో మాట్లాడండి, వినకపోతే మళ్లీ వెళ్లండి.